విధవరాలి నూనె, మన నేల క్రింది నూనె



కొన్ని నెలల క్రితం కోనసీమలోని ఒక పల్లె సంఘమునకు ఆదివారపు వాక్యపరిచర్యకై వెళ్ళాను. ఊరి పేరు వ్రాయడం లేదు. ఎందుకో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది. ఆ ఉదయం ప్రభువు బల్ల కూడా ఉన్నది. సంఘమంతా వరుసగా ముందుకు వచ్చింది గాని, సంఘపెద్దలలో ఇద్దరు మాత్రం బల్లలో పాలుపొందలేదు. ఒకాయన తన చోటనే తల వంచుకొని కూర్చున్నారు. రెండవ ఆయన పాట మొదలవగానే లేచి గుడి బయటకు నడిచారు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఇద్దరూ అరవై దాటినవారే.

ఏమి జరిగిందని కాపరిగారిని అడిగాను. ఆయన నిట్టూర్చి, "గ్యాసండీ" అన్నారు.

సంగతి ఇది. ఆ అన్నదమ్ములకు తండ్రి విడిచిపోయిన కొబ్బరితోట ఇంకా పంపకాలు కాకుండా ఉమ్మడిగానే ఉన్నది. దానిలో కొంత భాగాన్ని గ్యాస్ బావి తవ్వడానికి లీజుకు ఇమ్మని ఒక కంపెనీవారు అడిగారు. అన్నగారు ఇద్దామంటారు. తమ్ముడుగారు తన సంతకం పెట్టనంటారు. నూనె కాలం అయిపోయింది, ఇక రాబోయేదంతా సూర్యుడిదే అని ఆయన వాదన. ఇంట్లో మొదలైన మాట అరుగు మీదికి వచ్చింది. అరుగు మీద నుండి పార్టీలలోనికి పోయింది. చివరకు ప్రభువు బల్ల దాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి కూర్చున్నాను. వారు చెప్పినవి మన దేశంలోనే కాదు, లోకమంతటా నేడు చెప్పుకుంటున్న మాటలే. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ సంగతి మీ ముందు పెడుతున్నాను.

అన్నగారు కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి, మొదలుపెట్టారు. "అయ్యగారూ, మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా పరాయి దేశాల నుండి కొనుక్కుంటున్నామండి. 1990లో గల్ఫ్‌లో యుద్ధమేఘాలు కమ్మితే చమురు ధర పెరిగి, మరుసటి సంవత్సరం దేశం బంగారం తాకట్టు పెట్టుకోవలసి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడూ చూశాం కదండీ. మన కాళ్ళ క్రింద దేవుడిచ్చిన సంపద పెట్టుకుని, ఊరివాళ్ళ దగ్గర అప్పు చేయడం ఏం తెలివండీ?"

ఆయన కుమారుడు అమెరికాలో హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడా ఇదే తగాదా అని కొడుకు చెప్తాడట. అది నిజమే. స్వదేశపు చమురు ఇంకా ఇంకా తవ్వాలన్న నినాదం 2008 అధ్యక్ష ఎన్నికల సమయంలో అక్కడ మార్మోగింది. 2025 జనవరిలో ట్రంప్ గారు ప్రమాణస్వీకారం చేసిన రోజున ఆ మాటనే తిరిగి చెప్పారు. రెండవ పక్షంవారు గాలి, ఎండల నుండి విద్యుత్తు తీయాలంటారు. అయితే ఒక వింత చూడండి. హ్యూస్టన్ ఉన్న టెక్సాస్ రాష్ట్రమే అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ చమురు తీస్తుంది. గాలిమరలతో అన్నిటికంటే ఎక్కువ విద్యుత్తు తీసేదీ ఆ రాష్ట్రమే. వేదికల మీద ఒకదానితో ఒకటి పోట్లాడేవి ఒకే నేల మీద పక్కపక్కనే పని చేస్తున్నాయి.

తమ్ముడుగారి ఇంట మజ్జిగ ఇచ్చారు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడారు. "అన్నయ్య చెప్పే లెక్కలు నాకూ తెలుసండి. కాని పాశర్లపూడి మంట నేను కళ్ళారా చూశాను. అది చూసినవాడు సంతకం పెట్టగలడా అండీ?"

చిన్నవారికి తెలియకపోవచ్చు గనుక చెప్తాను. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న బావిలో గ్యాస్ అదుపు తప్పి పైకి చిమ్మి, అంటుకున్నది. ఆ మంట సుమారు 65 రోజులు మండి, మార్చి నెల మధ్యలో గాని ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళవారు ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. రాత్రివేళ దూరపు గ్రామాలకు కూడా ఆ వెలుగు కనబడేది. ఈనాటికీ కోనసీమలో చదువురాని ముసలమ్మకు కూడా "బ్లో అవుట్" అన్న ఇంగ్లీషు మాట తెలుసు.

అదే మామిడికుదురు మండలంలో నగరం అనే ఊరున్నది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ భూమిలోని గ్యాస్ పైపులైను నుండి గ్యాస్ కారి, ఊరంతా కమ్ముకొని, నిప్పు తగలగానే ఒక్కసారిగా మండింది. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన గ్యాస్ పారి, లోపల తుప్పు పట్టిందని తరువాతి విచారణలో చెప్పారు. 

ఇద్దరి మాటలూ విన్న తరువాత నాకు తోచినది వ్రాస్తున్నాను. అన్నగారు చెప్పింది నిజము. తమ్ముడుగారు చెప్పిందీ నిజము. కాని ఇద్దరూ సగమే చెప్పారు.

అన్నగారు చెప్పని సగమేమిటంటే, నేల క్రింది సంపదకు అడుగు ఉంటుంది. 1978లో నర్సాపురం దగ్గర మొదటి బావి తవ్వినది మొదలు గోదావరి జిల్లాల్లో గ్యాస్ గురించి ఎన్నో ఆశలు పెట్టుకున్నాము. మన తీరానికి ఎదుట లోతు సముద్రంలో 2002లో పెద్ద నిక్షేపం దొరికినప్పుడు ఇక కరెంటుకు కొరత లేదన్నారు. 2009లో ఉత్పత్తి మొదలై, 2010లో మంచి స్థాయికి చేరి, ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే అనుకున్నదానిలో కొద్ది వంతుకు పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకొని గోదావరి, కృష్ణా జిల్లాలలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ళ తరబడి పని లేక నిలిచిపోయాయి. ఇప్పుడు లోతు సముద్రంలో మరికొన్ని బావులు తవ్వారు. ఓ.ఎన్.జి.సి. వారి ఒక క్షేత్రం నుండి 2024 జనవరిలో చమురు రావడం మొదలయింది. మంచిదే. అయినా దేశం మొత్తం అక్కరతో పోలిస్తే అది కుండలో చెంబెడు నీళ్ళు.

తమ్ముడుగారు చెప్పని సగమూ ఉన్నది. సోలార్ పలకలు కరెంటును ఇస్తాయి. లారీలో పోసే డీజిలును ఇవ్వవు. పొలంలో చల్లే యూరియాకు ముడిసరుకు సహజవాయువే. ఆయన ఇంట్లో ఆ మజ్జిగకు పాలు కాగింది గ్యాస్ పొయ్యి మీదనే. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చాక మన పల్లెలలో లక్షలాది తల్లులు పుల్లల పొయ్యి పొగ నుండి తప్పించుకున్నారు. వారిని మరల పొగలోనికి పొమ్మని చెప్పే హక్కు మనకు లేదు. పైగా సూర్యుడు పగలే గాని రాత్రి పని చేయడు. రాత్రికి నిలువ చేసుకోవాలి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర పగటి కరెంటుతో నీటిని కొండమీది జలాశయానికి ఎక్కించి, సాయంత్రం క్రిందికి వదిలి విద్యుత్తు తీసే ఏర్పాటు చేపట్టింది అందుకే. సూర్యుడు మనవాడే అయినా, మనం వాడిన పలకలలో చాలాభాగం చైనా నుండి వచ్చినవే.

అయినను, గాలి ఎటు వీస్తున్నదో దాచిపెట్టకూడదు. 2010 తరువాతి పదేళ్ళలో సోలార్ పలకల ధర ఇంచుమించు పదోవంతుకు పడిపోయింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో సుమారు 6,000 ఎకరాలలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము 2017 నాటికి పని మొదలుపెట్టింది. 2025 మధ్య నాటికి మన దేశంలో నెలకొల్పిన విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, చమురులతో పని లేనిది. వాస్తవంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో మాత్రం ఎక్కువ వంతు ఇంకా బొగ్గుదే. అంటే మనం ఏటికి నడుమ ఉన్నాము. పాత ఒడ్డు విడిచాము, కొత్త ఒడ్డు చేరలేదు. నడి ఏటిలో పడవలో ఉన్నవారు ఒకరినొకరు తోసుకోకూడదు.

ఇంతవరకు వ్రాసి ఆపేస్తే ఇది వార్తాపత్రిక వ్యాసమే అవుతుంది. ఆ సాయంత్రం జరిగినది వినండి.

బావి తవ్వాలంటే పెద్ద పెద్ద వాహనాలు పోవడానికి బాట కావాలి. ఆ బాట తోటకు వెనుక వైపున ఉన్న పేటను ఆనుకొని పోతుంది. ఆ పేటవారు కూడా మన సంఘస్థులే. సొంత భూమి లేనివారు, దింపు కూలికి, వరికోతలకు పోయేవారు. కాపరిగారితో కలిసి అక్కడికి వెళ్ళాను. ఒక విధవరాలు చాప వేసి కూర్చోబెట్టింది. ఆమె ఇంటి గోడకు, రాబోయే బాటకు మధ్య పది అడుగులు ఉండదు.

"అమ్మా, ఈ బావి గురించి నీవేమంటావు?" అని అడిగాను.

ఆమె ఆశ్చర్యపోయి చూసింది. "నన్నా అండీ? నన్నెవరూ అడగలేదండయ్యగారూ. పెద్దయ్యగారు అడగలేదు, చినయ్యగారూ అడగలేదండి. కంపెనీవోళ్ళు టేపు పెట్టి కొలుచుకుని పోయారండి." కొంచెం ఆగి మళ్ళీ అన్నది. "నాకూ గ్యాసు పొయ్యి ఉందండి. గ్యాసు వద్దని నేనెందుకంటానండీ? కాని రాత్రి పడుకుంటే నిద్ర పట్టాలి కదండీ. ఏదైనా వాసనొస్తే పిల్లల్ని ఎత్తుకుని ఎటు పరిగెత్తాలో ఒక్కరైనా చెప్పాలి కదండీ."

సహోదరులారా, ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. రెండు ఇళ్ళలో రెండు గంటలు దేశాల గురించి, యుద్ధాల గురించి, మెగావాట్ల గురించి మాట్లాడుకున్నాము. పది అడుగుల దూరంలో ఉన్న ఈ తల్లి పేరు ఏ ఇంటిలోనూ రాలేదు. చెప్పవద్దూ, నా నోటా రాలేదు.

ఆ రాత్రి నాకు రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని మరొక విధవరాలు జ్ఞాపకము వచ్చింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవడానికి వచ్చాడు. ఇంట ఉన్నది ఒక కుండెడు నూనె మాత్రమే. ఎలీషా చెప్పినట్లు ఇరుగుపొరుగు ఇళ్ళ నుండి వట్టి పాత్రలు తెచ్చి పోస్తూ ఉంటే నూనె వస్తూనే ఉన్నది. పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయింది. అప్పుడు ప్రవక్త చెప్పిన మాట గమనించండి. ఆ నూనె అమ్మి మొదట అప్పు తీర్చమన్నాడు. మిగిలిన దానితో తానూ పిల్లలూ బ్రతకమన్నాడు.

నూనెను గూర్చిన రాజనీతి అంతా ఇందులో ఉన్నదని నాకనిపిస్తుంది. అది దేవుడిచ్చిన వరమే, కాదనకూడదు. అయితే అది ఒక దినమున నిలిచిపోతుంది. నిలిచిపోకముందే దానితో చేయవలసిన మొదటి పని అప్పు తీర్చడం. మన అప్పు ఎవరికి? ఎవరి ఇంటి ప్రక్కగా ఆ గొట్టం పోతున్నదో వారికి. కోనసీమ తీరంలో సముద్రగర్భపు పైపులైన్ల వల్ల వేట పోగొట్టుకున్న మత్స్యకార కుటుంబాలకు ఇటీవలి సంవత్సరాలలో నష్టపరిహారం ఇచ్చారు. ఎంతో ఆలస్యమైనా అది అప్పు తీర్చడమే. మన పిల్లలకూ మనం అప్పు ఉన్నాము. ఈ నూనె వెలుగుతుండగానే, అది ఆరిపోయాక వెలిగే దీపాన్ని సిద్ధం చేయడమే ఆ అప్పు. ఎండ ఆ దీపము. నూనె ఉన్నదని ఎండను వెక్కిరించేవారు, ఎండ ఉన్నదని నూనె వాడుకుంటూనే దానిని తిట్టేవారు, ఇద్దరూ ఆ విధవరాలి దగ్గర నేర్చుకోవాలి.

ఇక్కడ చట్టము సంగతి కూడా రైతు సోదరులు తెలుసుకోవాలి. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతుంది. అయితే 2020 జనవరిలో చేసిన సవరణతో చమురు, గ్యాస్ కోసం తవ్వే అన్వేషణ బావులను ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేని తరగతిలో చేర్చారు. ఉత్పత్తి దశకు మాత్రం కఠిన నిబంధన ఉంచారు. సోలార్ కేంద్రాలకైతే ఆ పర్యావరణ అనుమతి నుండే మినహాయింపు ఉన్నది. అంటే బావి వచ్చినా, పలకలు వచ్చినా, పక్క ఇంటివారిని అడగకుండానే రావచ్చును. సోలార్ భూములలో గొర్రెలు మేపుకొనేవారిని, కౌలురైతును ఎవరు అడుగుతారు? లీజు డబ్బు పట్టాదారుకు పోతుంది. కౌలుదారు నాగలి భుజాన వేసుకొని ఇంటికి పోతాడు. నాబోతు ద్రాక్షతోట కథలో అహాబుకు కావలసినది కూరతోట. కూరగాయలలో పాపమేమీ లేదు. పొరుగువాని మాటను లెక్కచేయకపోవడంలోనే పాపమున్నది.

చట్టము అడగమనకపోయినా క్రీస్తు ప్రేమ అడగమంటుంది. కాబట్టి మన సంఘాలకు నా మనవి. ఎవరికి ఓటు వేయాలో ఈ పత్రిక చెప్పదు, చెప్పకూడదు. కాని మీ ఊరికి రిగ్గు వచ్చినా, సోలార్ కంపెనీ వచ్చినా, సంతకానికి ముందు గ్రామసభలోనూ, సంఘసభలోనూ ఈ ప్రశ్నలు వేయండి.

అత్యంత దగ్గరి ఇల్లు ఎంత దూరంలో ఉన్నది? ఆ ఇంటివారు ఏమన్నారు? రాత్రివేళ ప్రమాదమైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎటు వెళ్ళాలి అన్నది ప్రతి ఇంటికీ నేర్పారా? గొట్టము వేసి ఎన్నేళ్ళయింది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? గ్యాస్ అయిపోయాక బావిని ఎవరు మూస్తారు, పలకలు పాడైపోయాక ఎవరు తీసుకుపోతారు? భూమి లేనివారికి ఇందులో ఏమి వస్తుంది? కాగితము తెలుగులో వ్రాసి, అందరి ఎదుట చదివి వినిపించారా?

ఉప్పునీరు పైకి వస్తున్నదని కోనసీమ రైతులు బాధపడుతున్నారు. గ్యాస్ తీయడం వల్ల నేల క్రుంగుతోందని కొందరు, ఎగువ ఆనకట్టలు ఒండ్రుమట్టిని ఆపివేయడం వల్లనని కొందరు, రొయ్యల చెరువుల వల్లనని కొందరు అంటారు. ఈ వాదము తేలలేదు. తేలనప్పుడు కొలిచి చూడమని అడగడం మన హక్కు. ఆదికాండము 2వ అధ్యాయములో దేవుడు నరునికి తోటను అప్పగించి రెండు పనులు చెప్పాడు. ఒకటి సాగు చేయడం, రెండవది కాపాడడం. మొదటిది చేసి రెండవది మరచినవాడు సగము గృహనిర్వాహకుడే.

ఇంటిలో చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. సొంత డాబా ఉన్నవారికి 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల వరకు రాయితీ ప్రకటించారు. ఎవరో తలుపు తట్టి చెప్పినది నమ్మక, విద్యుత్ కార్యాలయంలో అడిగి వివరాలు తెలుసుకోండి. మందిరము మీద పలకలు పెట్టాలనుకొనే సంఘాలు, మైకు ఖర్చు తగ్గుతుందా అని మాత్రమే కాక, ఆ మిగులు ఎవరి ఇంట దీపం వెలిగిస్తుంది అని కూడా ఆలోచించండి.

ఇక ఆ అన్నదమ్ముల సంగతి. మరునాడు ఉదయం బస్సెక్కే ముందు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆ విధవరాలి మాట మాత్రం చెప్పాను. వేరే ప్రసంగమేమీ చేయలేదు. అన్నగారు చాలాసేపు మౌనంగా ఉండి, "ఆవిడ మా అమ్మకి పురుడు పోసిన మంత్రసాని కూతురండి" అన్నారు. తమ్ముడుగారు కళ్ళు తుడుచుకున్నారు.

మొన్న కాపరిగారు ఉత్తరం వ్రాశారు. పేటవారిని పిలిచి మందిరములో కూటము పెట్టారట. కంపెనీవారికి ప్రశ్నలు వ్రాసి పంపారట. జవాబు ఇంకా రాలేదు. తోట సంగతి తేలలేదు. అన్నగారు ఇంకా తవ్వాలనే అంటున్నారు, తమ్ముడుగారు వద్దనే అంటున్నారు. కాని బాట పేట వైపు నుండి పోకూడదని మాత్రం ఇద్దరూ ఒక్కమాట మీద ఉన్నారు. వచ్చిన నెల ప్రభువు బల్లకు ఇద్దరూ వచ్చారట. పీఠము దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాటకు వారు లోబడినందుకు దేవునికి స్తోత్రము. అభిప్రాయాలు ఒకటి కాకపోయినా బల్ల ఒకటి కాగలదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ పొయ్యి వెలిగించే గ్యాస్ ఎవరి ఊరి నుండి వచ్చిందో, మీ దీపము వెలిగించే కరెంటు ఎవరి భూమి మీద పుట్టిందో పిల్లలతో మాట్లాడండి. వారి కొరకు పేరుపేరునా ప్రార్థించండి. నీతిమంతుల మీదను అనీతిమంతుల మీదను ఒక్క తీరుగా ఎండ కాయించే మన తండ్రి, ఆయన ఇచ్చిన నూనెను గాని ఎండను గాని పొరుగువాని కన్నీటితో కలపకుండా మనలను కాపాడును గాక. ఆమేన్.